పెట్టె మీద పేరు

విద్యాసాగరుడి పెట్టె కథ వినకుండా బడి దాటిన తెలుగువాళ్ళు తక్కువే. ఏదో చిన్న స్టేషన్లో ఒక కుర్ర డాక్టరు రైలు దిగుతాడు. చేతిలో చిన్న పెట్టె. "కూలీ! కూలీ!" అని కేకలు పెడతాడు. ముతక పంచె కట్టుకున్న ఒకాయన వచ్చి, మారు మాట్లాడకుండా ఆ పెట్టె మోసుకెళ్తాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోడు. ఆయనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ అని తెలిశాక కుర్రవాడు సిగ్గుతో చచ్చిపోతాడు. మన పని మనమే చేసుకోవాలి అని కింద నీతి.

అది నిజంగా జరిగిందా, ఎవరైనా అల్లారా అన్న తగువులోకి నేను వెళ్ళను. ఆయన జీవితం చివర్లో ఏళ్ళ తరబడి ఉన్న కర్మాటాడ్ ఊరి స్టేషనుకి ఇప్పుడు ఆయన పేరే ఉంది కాబట్టి కథ బతికే ఉంటుంది. నాకు అందులో కనిపించేది ఇంకొకటి. కూలీ గురించిన ఈ కథలో కూలీ లేడు. పిలుపు ఉంది, పెట్టె ఉంది, మోత ఉంది, ఇవ్వబోయిన డబ్బులు ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. నిజంగా ఒక కూలీ వచ్చి ఆ పెట్టె ఎత్తుకుని ఉంటే అసలు కథే పుట్టేది కాదు. గొప్పవాడు మోస్తే నీతి కథ, మోసేవాడు మోస్తే మామూలు మంగళవారం.

పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళ గురించి వచ్చిన బొమ్మలూ రాతలూ చూస్తుంటే ఈ ఖాళీ మళ్ళీ మళ్ళీ కనిపించింది. అందుకే ఈ వ్యాసం. నేనుండేది లండనుకి పడమటి పక్క, పాడింగ్టన్ వెళ్ళే రైలు దారి మీద. ఈ ఇరవై ఏళ్ళలో ఆ స్టేషన్లో నేను దిగని వారం అరుదు. అదే స్టేషను ఉన్న ప్రసిద్ధ చిత్రం ఒకటి మాకు దగ్గర్లోనే, ఎగమ్ ఊళ్ళో రాయల్ హాలోవే కాలేజీ చిత్రశాలలో ఉంది. విలియం పవెల్ ఫ్రిత్ 1862లో పూర్తి చేసిన 'ద రైల్వే స్టేషన్'. ఎనిమిది అడుగులకు పైగా పొడవు, నాలుగడుగులకు కొంచెం తక్కువ ఎత్తు. పుస్తకాల్లో అరచేయంత అచ్చు చూసి అంచనా వేయగలిగిన బొమ్మ కాదు.

ఈ బొమ్మకి దక్కిన ఆదరణ ఈ రోజుల్లో సినిమాలకు దక్కుతుంది. ఫ్లాటో అనే వ్యాపారి దీనికి 4,500 పౌన్లు ఇచ్చాడు. హేమార్కెట్‌లో టిక్కెట్టు పెట్టి చూపిస్తే ఏడు వారాల్లో 21,150 మంది చూశారు. ఆ తర్వాత చేతులు మారి, మాత్రలూ లేపనాలూ అమ్మి కోటీశ్వరుడైన టామస్ హాలోవే కొన్నాడు. ఆయన కట్టించిన కాలేజీ గోడ మీదకే చివరికి చేరింది.

రైలు బయల్దేరబోతోంది. ప్లాట్‌ఫాం మీద జనం. మధ్యలో ఒక తల్లి బడికి వెళ్తున్న కొడుకుని ముద్దు పెట్టుకుంటోంది. ఆ కుటుంబం ఫ్రిత్ సొంత కుటుంబమే. తండ్రిగా నిలబడ్డది ఫ్రిత్. కుడివైపు ఒక నేరస్థుడు బోగీ ఎక్కబోతుంటే ఇద్దరు డిటెక్టివులు పట్టుకుంటున్నారు. వాళ్ళు హేడన్, బ్రెట్ అనే నిజం పోలీసులే. బండి బాడుగ దగ్గర జట్కావాడితో తగువు పడుతున్న విదేశీ పెద్దమనిషి, ఫ్రిత్ కూతుళ్ళకి పాఠాలు చెప్పిన ఒక ఇటలీ ఆయన. ఇంజను డ్రైవరుతో కబుర్లాడుతున్న మనిషి సాక్షాత్తూ డబ్బు పెట్టిన ఫ్లాటో. పెళ్ళి బృందం ఉంది, సైన్యంలో చేరబోయే కుర్రాళ్ళు ఉన్నారు. వెనకాల ఉన్న ఇనుప కమానులు, గాజు కప్పు ఫ్రిత్ వేసినవి కావు, ఆ పని విలియం స్కాట్ మోర్టన్ చేశాడు.

ఈ చిత్రం మీద రాసినవాళ్ళందరూ వల్లించే పేర్లివి. నేనూ వల్లించాను. ఈ పేర్లలో పోర్టర్లు లేరు.

అలాగని వాళ్ళు బొమ్మలో లేరా అంటే ఉన్నారు. బోగీల పైకప్పు మీద పెట్టెలు సర్దుతున్నారు. అప్పట్లో సామానులో చాలా భాగం బోగీ నెత్తినే వెళ్ళేది, గుర్రపు బండ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు. కింద నుంచి అందించేవాడు, పైన అందుకునేవాడు, వాన పడితే తడవకుండా పట్టా కప్పి బిగించేవాడు. ఇంత పెద్ద బొమ్మలో, ఇంతమంది గొప్పింటివాళ్ళ మధ్య, అందరికన్నా ఎత్తున ఉన్నది మోసేవాళ్ళే! ఫ్రిత్ దాన్ని ఉద్దేశించాడని నేననను. ఆయన చూసింది చూసినట్టు వేశాడు. ఆయన నిజాయితీ అంతవరకే. బొమ్మలో ప్రతి గుంపుకీ ఒక కథ ఇచ్చాడు. వీడ్కోలు, అరెస్టు, పెళ్ళి, బేరం. పోర్టర్లకు కథ ఇవ్వలేదు, పని ఇచ్చాడు. చూసేవాడి కన్ను ముద్దు దగ్గరా సంకెళ్ళ దగ్గరా ఆగి, పైకప్పు మీద ఆగకుండా దాటిపోతుంది. అక్కడ ఏం జరగబోతుందో ముందే తెలుసు. ఆ పెట్టె ఆ పెట్టె పక్కన కూర్చుంటుంది, అంతే.

ఒక లెక్క చెప్తాను. మామూలు స్టేషన్ పోర్టరుకి ఆ రోజుల్లో వారానికి ఒక పౌను కూడా నిండా వచ్చేది కాదు. నిండా పౌనే అనుకుందాం. ఫ్రిత్‌కి ముట్టిన 4,500 పౌన్లు ఆ పోర్టరుకి ఎనభై ఆరేళ్ళ జీతం. చిత్రకారుడికి ఎక్కువ ముట్టిందని నా ఫిర్యాదు కాదు. ఒకే స్టేషను, రెండు రకాల సంపాదన, అంతే చెప్తున్నాను.

పోర్టరు ఎందుకంత అవసరమో తెలియాలంటే బ్రిటిష్ రైళ్ళలో సామాను ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి. అమెరికాలో పెట్టె అప్పజెబితే ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారు. దిగాక బిళ్ళ చూపిస్తే పెట్టె మీదే. మనం ఇప్పుడు విమానాశ్రయంలో చేసే పనికి అది తాత. బ్రిటన్‌లో ఆ పద్ధతి పట్టుకోలేదు. ఊరి పేరున్న కాగితం పెట్టెకి అంటించేవారు, అది ఏ బోగీలోకి వెళ్ళిందో ప్రయాణికుడు ఓ కన్నేసి ఉంచాలి. దిగగానే సామాను గుట్ట చుట్టూ జనం మూగేవారు. ఇది నాది అని వేలు పెట్టి చూపించినవాడిదే పెట్టె. రసీదు లేని ఈ వ్యవహారమంతా పోర్టరు జ్ఞాపకం మీద, అతని నిజాయితీ మీద నడిచింది. లక్షల మంది ఆస్తి ఇలా చేతులు మారేది. దొంగతనాలు జరిగేవి, కానీ నమ్మకమే ఎక్కువ. ఇంతా చేసి, బక్షీసు పుచ్చుకుంటే ఉద్యోగం పోతుందని కంపెనీల నిబంధన! జీతమేమో బక్షీసు లేకపోతే చాలనంత. నిబంధన గోడ మీద ఉండేది, ఆరు పెన్నీల బిళ్ళ అరచేతిలోకి జారేది. ఈ నాటకం అందరికీ తెలుసు, కంపెనీకి అందరికన్నా బాగా తెలుసు. రైల్వే పనివాళ్ళ సంఘం పుట్టడానికి 1871 దాకా ఆగాల్సి వచ్చింది.

పేదవాళ్ళ సామాను సంగతి వేరు. 1844లో చేసిన చట్టం ప్రకారం మైలుకి పెన్నీ చొప్పున నడిపే రైల్లో మూడో తరగతి ప్రయాణికుడు 56 పౌన్ల బరువు ఉచితంగా తీసుకెళ్ళొచ్చు. అంటే మన లెక్కలో పాతిక కిలోలు. ఆ అంకె చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆవకాయ జాడీ తూకంలో నిలబడుతుందా లేదా అని స్నానాల గదిలోని బరువుల యంత్రం మీద సూట్‌కేసుని పెట్టి చూసే మనం, అటూ ఇటూగా అదే 23 కిలోల దగ్గర కొట్టుకుంటున్నాం. నూట ఎనభై ఏళ్ళుగా మనిషి సామాను పెద్దగా పెరగలేదన్నమాట.

సామాను నిబంధనల మీద వచ్చిన హాస్యంలో తలమానికం 'పంచ్' పత్రికలో 1869లో చార్లెస్ కీన్ వేసిన కార్టూన్. ఒక ముసలావిడ బోలెడు జంతువులతో రైలెక్కడానికి వస్తుంది. పోర్టరు ఆవిడకి లెక్క వివరిస్తాడు. స్టేషన్ మాస్టరు ప్రకారం పిల్లులు కుక్కల కిందికి వస్తాయి, కుందేళ్ళు కుక్కలే, చిలకలూ అంతే. తాబేలు మాత్రం పురుగు కాబట్టి దానికి టిక్కెట్టు అక్కర్లేదు. ఇప్పటికీ ఇక్కడి ఆఫీసుల్లో అర్థంలేని నిబంధన ఏదైనా కనపడితే ఈ తాబేలుని తలుచుకుంటారు. బ్రహ్మాండమైన హాస్యం, కాదనను. కానీ ఆ నవ్వు ఎవరి మీద పడుతోంది? నిబంధన రాసింది కంపెనీ. అర్థం చెప్పింది స్టేషన్ మాస్టరు. వాళ్ళిద్దరూ బొమ్మలో కనపడరు. చదువుకోని యాసలో, వ్యాకరణం తప్పుతూ, ఆ తెలివితక్కువ మాట అప్పజెప్పే పని పోర్టరుది. కౌంటరు వెనక నిలబడి పైవాళ్ళ నిబంధన చదివి తిట్లు తిన్నవాళ్ళు మన పాఠకుల్లో చాలామంది ఉంటారు, వాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ దృష్టితో చూస్తే డికెన్స్ మిగతావాళ్ళకన్నా ఒక మెట్టు పైన నిలబడతాడు. 1866 క్రిస్మస్‌కి తన పత్రికలో 'మగ్‌బీ జంక్షన్' అని కథల గుచ్ఛం తెచ్చాడు. అంతకు ముందు ఏడాది జూన్‌లో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఆయన ఎక్కిన రైలు పడిపోయి పదిమంది చనిపోయారు, ఆయన బయటపడ్డాడు. ఆ గుచ్ఛంలోని సిగ్నల్ మనిషి కథ అందరికీ తెలిసిందే. నాకు మొదటి కథ ముఖ్యం. తెల్లవారుజామున మూడు గంటలకి, వానలో, ఒక మనిషి అనుకోకుండా మగ్‌బీలో దిగేస్తాడు. రెండు నల్ల పెట్టెలు. వాటి మీద తెల్లటి అక్షరాలతో 'బార్‌బాక్స్ బ్రదర్స్' అని రాసి ఉంటుంది. అది ఆయన పనిచేసి వదిలేసిన కంపెనీ పేరు. అక్కడ నుంచి కథలో ఆయన పేరు అదే అయిపోతుంది. పెట్టె మీద పేరే మనిషి పేరు. స్టేషన్లో ఆయనకు ఎదురయ్యే పనివాడి పేరేమిటి? ల్యాంప్స్. దీపాలకు నూనె పోసి వత్తులు సరిచేసే పని కాబట్టి ఆ పేరు.

ఇద్దరికీ పని పేరే అంటుకుంది. తేడా ఏమిటంటే, ఒకాయన ఆ పేరుని వదిలించుకోవడానికి ఊళ్ళు తిరుగుతున్నాడు, రెండోవాడికి అది భారంగా లేదు. ల్యాంప్స్ ఆ నూనె గదిలో కూర్చుని, మంచం దిగలేని తన కూతురిని నవ్వించడానికి పాటలు కడుతుంటాడు. రైల్వే పనివాడికి ఇల్లు ఉంటుందని, ఇంట్లో అతని కోసం ఎదురుచూసే ఒక మనిషి ఉంటుందని, అతనికి పాట కట్టే పిచ్చి ఉండొచ్చని డికెన్స్ చూపించాడు. కథ చివరి భాగం పాకంలా సాగుతుంది, ఆ కూతురి మంచితనం మరీ ఎక్కువ, ఈ కాలపు పాఠకుడికి కొంచెం ఇబ్బందే. అయినా ఫ్రిత్ ఎనిమిదడుగుల బొమ్మలో ఇవ్వలేనిది డికెన్స్ ఒక నూనె గదిలో ఇచ్చాడు.

ట్రాలప్ సంగతి ఒక్క మాటలో. 1876లో వచ్చిన 'ద ప్రైమ్ మినిస్టర్' నవలలో టెన్‌వే జంక్షన్ అనే కూడలిని వర్ణిస్తూ, ఏ రైలు ఎటు వెళ్తుందో తెలిసిన స్టేషన్ సిబ్బందిని ఆయన ఎగతాళిగా 'పండిట్' అంటాడు. మన మాటే! సంస్కృతం నుంచి కలకత్తా మీదుగా వెళ్ళి ఇంగ్లీషు ప్లాట్‌ఫాం మీద నిలబడింది. మన దగ్గర నుంచి వెళ్ళిన రెండో మాట సంగతి కిందకి వస్తుంది.

ఆస్కార్ వైల్డ్ 1895 నాటకం 'ద ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' చూడని ఇంగ్లీషు సాహిత్య విద్యార్థి ఉండడు. నాటకం మొత్తం ఒక చేతిసంచి మీద ఆధారపడి ఉంది. మతిమరుపు ఆయా పసిబిడ్డని సంచిలో పెట్టి, విక్టోరియా స్టేషన్లో సామాను దాచే గదిలో అప్పజెబుతుంది. ఆ సంచిని తన సంచే అనుకుని ఒక పెద్దమనిషి తీసుకెళ్తాడు. ఆయా తప్పు గురించి మూడో అంకంలో పెద్ద విచారణే జరుగుతుంది. కానీ ఆ గదిలో కూర్చుని ఒకరి సంచిని ఇంకొకరికి ఇచ్చిన మనిషి సంగతి? అతను ఇవ్వకపోతే హీరో పెంపకం లేదు, ఆస్తి లేదు, రెండు పేర్ల గొడవ లేదు, నాటకం లేదు. అతన్ని ఎవరూ అడగరు, తిట్టరు, వెతకరు. కనీసం తప్పు చేసినవాడిగానైనా గుర్తించరు. వైల్డ్ వెక్కిరించింది పెద్దింటివాళ్ళ గుడ్డితనాన్ని అని సమర్థించొచ్చు. ఈ విషయంలో ఆ గుడ్డితనం నాటకానికి కూడా ఉందని నా అనుమానం.

అమెరికా మిత్రులు పుల్‌మన్ పోర్టర్ల మాట ఎత్తకపోతే ఊరుకోరు. 1867లో మొదలైన పుల్‌మన్ కంపెనీ, బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళని పడక బోగీల్లో పోర్టర్లుగా పెట్టుకుంది. ప్రయాణికులు వాళ్ళందర్నీ జార్జ్ అనే పిలిచేవారు. యజమాని పేరు జార్జ్ పుల్‌మన్ కదా, బానిసకి యజమాని పేరు పెట్టే పాత అలవాటు. 1914లో జార్జ్ అనే పేరున్న ఒక తెల్లాయన సగం వేళాకోళంగా దీనికి వ్యతిరేకంగా ఒక సంఘం పెట్టాడు. పోర్టర్ల గౌరవం కోసం కాదు, తన పేరు వాళ్ళకి అంటుకుంటున్నందుకు! పోర్టర్లు సొంతంగా సంఘం పెట్టుకున్నది 1925లో, కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నది 1937లో. అది వేరే పుస్తకం రాయదగ్గ విషయం.

ఇప్పుడు రెండో మాట. కూలి అంటే తెలుగులో డబ్బు, చేసిన పనికి దక్కేది. కూలీ అంటే మనిషి. మధ్య తేడా ఒక్క దీర్ఘం. ఇంగ్లీషులోకి ఈ మాట ఎలా వెళ్ళిందన్న దాని మీద పండితుల్లో రెండు వాదాలున్నాయి, ఒకరు దక్షిణాది కూలి అంటారు, ఇంకొకరు గుజరాతు కోలీ అంటారు. ఎటునుంచి వెళ్ళినా సముద్రం దాటాక అది వృత్తి పేరు కాకుండా పోయింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్‌లో దించిన మొదటి ఒప్పంద కార్మికుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత నటాల్‌లో చెరుకు కొట్టేవాడూ కూలీయే, వ్యాపారం చేసేవాడూ కూలీయే, కోర్టులో వాదించేవాడు కూలీ బారిస్టరు. 1893 జూన్‌లో పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్లో గాంధీని మొదటి తరగతి బోగీ నుంచి తోసేసిన సంగతి అందరికీ తెలుసు. ఆత్మకథలో ఆ ఘట్టాన్ని ఈసారి సామాను కోసం చదవండి. పోలీసు చెయ్యి పట్టుకుని తోశాడని రాస్తారు. సామాను కూడా దించేశారు అంటారు. ఎవరు దించారు? ఆ వాక్యంలో కర్త లేడు. చేతిసంచి మాత్రం దగ్గర పెట్టుకుని ఆయన వెయిటింగ్ రూంలో కూర్చున్నారు. చలి. ఓవర్‌కోటు రైల్వేవాళ్ళు తీసుకెళ్ళిన సామానులో ఉండిపోయింది. అడిగితే మళ్ళీ అవమానిస్తారేమోనని అడగలేదు. కూలీ అని పిలవబడిన మనిషి, తన పెట్టె ఎవరి చేతిలో ఉందో తెలియక రాత్రంతా వణికాడు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి సామాను గురించి ఒకే ఒక్క పేజీ ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను. అయినా పెట్టె దించిన చేతులు ఎవరివో ఇక్కడా తెలియదు.

మన భాషలో ఇంకా వెనక్కి వెళ్తే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నారు. 1830 మేలో మద్రాసు నుంచి దాదాపు వందమంది పరివారంతో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. పల్లకీ, గుడారాలు, మోసే బోయీలు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'ని పల్లకీలో కూర్చున్న పెద్దమనిషి పుస్తకంగానే చదివారు చాలామంది. కానీ దారిలో ఇసుకుందా, రాయుందా, ఏరు ఎలా దాటాలి అని ఆయన పూటపూటా రాసుకోవడం చూస్తే, ఆ దారిని కొలిచింది బోయీల కాళ్ళే అనిపిస్తుంది. రైలు వచ్చాక ఈ ఎరుక పోయింది. మోసేవాడితో పదిహేను నెలలు కాదు, పది నిమిషాలే పని. ప్లాట్‌ఫాం నుంచి గేటు దాకా. పది నిమిషాల మనిషికి పేరెందుకు, చేతికి ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు చాలు. మన రైల్వే 2016లో కూలీ అన్న మాట తీసేసి 'సహాయక్' అంది. మాట మారింది, నంబరు ఉంది.

ఇదంతా పాత సంగతి అనుకునేవాళ్ళకి ఒక ప్రశ్న. మనం రాసుకునే డయాస్పొరా కథల్లో విమానాశ్రయం లేనిది ఎన్ని? మొదటి పేజీలో హీత్రూ, చివరి పేజీలో శంషాబాద్. రెండు సూట్‌కేసులు, కట్టిన తాడు, అమ్మ సర్దిన కారప్పొడి. సూట్‌కేసు బెల్టు మీద తిరుగుతూ వస్తుంది, దానంతటదే. రబ్బరు తెర అవతల దాన్ని విమానం పొట్టలోంచి లాగి, వంగి, ఎత్తి, పడేసిన మనిషి ఒక్క కథలోనైనా కనిపించాడా? నేను చదివినవాటిలో లేడు. హీత్రూ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని చేసేవాళ్ళలో మన దేశం నుంచి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. రైల్లో మా పక్కనే కూర్చుంటారు. ఫ్రిత్ కనీసం వాళ్ళని పైకప్పు మీద వేశాడు.

చివరగా ఒక తెలుగు చిక్కు. 'మగ్‌బీ జంక్షన్' మొదటి కథని కొన్నాళ్ళుగా తెలుగు చేస్తున్నాను. బార్‌బాక్స్ బ్రదర్స్‌తో ఇబ్బంది లేదు, పెట్టె మీద ఎలా ఉందో అలాగే ఉంచేయొచ్చు. ల్యాంప్స్ దగ్గర కలం ఆగింది. లాంతరు అంటే చేతిలో పట్టుకునేది మాత్రమే అనిపిస్తోంది. దీపాలయ్య అంటే గుడి పూజారిలా ఉంది. మా నాన్నగారి చిన్నప్పుడు గుంతకల్లు ప్లాట్‌ఫాం మీద సాయంత్రమయ్యేసరికి నూనె డబ్బా పట్టుకుని తిరిగేవాణ్ణి 'బత్తీవాలా' అనేవారట, ప్రస్తుతానికి దాన్నే పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.